సముద్రం మన చేతిలోని అమానతు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మేము లెక్కలు చెబుతాం. ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం, ఎన్ని ఇళ్లకు రేషన్ ఇచ్చాం, తుఫాను వచ్చినప్పుడు ఎన్ని దుప్పట్లు, ఎన్ని బియ్యం బస్తాలు పంచాం అని. ఆ లెక్కలు ఈ సంచికలోనూ ఉన్నాయి. కానీ ఈ రోజు ఏ రసీదు పుస్తకంలోనూ ఎక్కని ఒక అనుగ్రహం గురించి మాట్లాడదలిచాం. సముద్రం ద్వారా అల్లాహ్ మనకు రోజూ అందించే అనుగ్రహం అది.

మనలో చాలామందికి సముద్రమంటే సెలవుల్లో పిల్లలతో వెళ్లి చూసివచ్చే చోటు. కరీంనగర్‌లోనో కర్నూలులోనో ఉన్నవారికి అది మరీ దూరం. అయినా నైరుతి రుతుపవనాలు మన పొలాల మీద కురిపించే వాన చాలావరకు హిందూ మహాసముద్రం మీదుగా గాలులు మోసుకొచ్చిన నీరే. భూమి మీది నీటిలో దాదాపు 97 శాతం సముద్రాల్లోనే ఉంది. ఎండకు ఆ నీరు ఆవిరై, ఉప్పును అక్కడే వదిలి, మబ్బుగా మన దాకా వస్తుంది. మన బావిలో, బోరులో, వుజూ చేసుకునే కుళాయిలో ఉన్న నీటికి మూలం అదే.

గాలి సంగతీ అంతే. భూమి మీద ఏటా తయారయ్యే ఆక్సిజన్‌లో సుమారు సగం సముద్రంలోని కంటికి కనిపించని సూక్ష్మజీవుల నుంచే వస్తుంది. మనం బొగ్గు, పెట్రోలు కాల్చి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది. దానివల్ల భూమి మీద పెరిగిన వేడిలో 90 శాతానికి పైగా తనలోనే దాచుకుంటోంది. కానీ ఆ భారం ఊరికే పోదు. వేడెక్కిన సముద్రం తుఫానులకు మరింత బలాన్నిస్తుంది. ఆ దెబ్బ మొదట పడేది ఒడ్డున గుడిసె వేసుకున్న పేదవాడి మీదే.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను మన పెద్దలు ఇంకా మరిచిపోలేదు. సుమారు పదివేల మంది ప్రాణాలు పోయాయి. అలాంటి ఉప్పెన ధాటిని కొంతైనా ఆపగలిగేవి మడ అడవులు. వాటి వేళ్లు, కాండాలు అల దూకుడును తగ్గిస్తాయి, ఒడ్డు మట్టిని పట్టి ఉంచుతాయి. ఇది ఊహ కాదు. 1999లో ఒడిశాను ముంచిన పెను తుఫాను తర్వాత కేంద్రపడా జిల్లా ఊళ్లను పరిశీలించిన పరిశోధకులు, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట తక్కువ మంది చనిపోయారని తేల్చారు.

మనకు అలాంటి అడవి కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసేచోట ఉంది. కోరింగను 1978లోనే అభయారణ్యంగా ప్రకటించారు. రొయ్యలు, పీతలు, రకరకాల చేపల పిల్లలు ఆ వేళ్ల మధ్యే దాక్కుని పెరిగి, తర్వాత సముద్రంలోకి వెళతాయి. అంటే ఆ అడవి ఊరికి గోడ, వేటగాడికి కూడు. అది పోతే రెండూ పోతాయి.

అందుకే దాతలను ఈ ఏడాది మూడు కోరుతున్నాం.

మొదటిది, మన వలీమాల్లో, ఇఫ్తార్ విందుల్లో ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు మానేద్దాం. ఒక్క రాత్రి విందు చెత్త కాలువలో పడి, ఏటిలో కలిసి, చివరికి సముద్రం చేరుతుంది. స్టీలు గ్లాసులు కడగడానికి ఇద్దరికి కూలి ఇస్తే ఆ డబ్బు కూడా ఒక పేద ఇంటికే చేరుతుంది.

రెండోది, తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. సముద్రం కోలుకోవాలని ఆ కుటుంబాలు పొయ్యి మీద కుండను తగ్గించుకుంటాయి. వారి త్యాగంలో మనకూ వాటా ఉండాలి. మన రేషన్ సాయం ఆ రెండు నెలల్లో తీరానికి కూడా చేరాలి.

మూడోది, మడ మొక్కలు నాటడానికి నిధి. నాటి ఫొటో దిగి వచ్చేయడం కాదు. అటుపోటు నీరు సరిగా చేరే చోట, అటవీశాఖ సలహాతో, ఒడ్డు ఊళ్లవారి చేతులతో నాటించి, కొన్నేళ్లు కాపాడించాలి. చెట్టు నాటితే దాని నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా నాటినవారికి అది సదఖాయేనని మన ప్రవక్త (స) బోధించారని అందరం ఎరుగుదుం. చేపకు నీడనిచ్చి, ఊరికి అడ్డు నిలిచే చెట్టు సదఖా జారియా కాక మరేమిటి?

తుఫాను తర్వాత బియ్యం బస్తా ఇవ్వడం మన బాధ్యత. దాన్ని ఎన్నడూ మానం. కానీ తీసుకునేవాడు బతికి ఉంటేనే ఆ బస్తా పనికొస్తుంది. అతన్ని బతికించే పనిలో కూడా మన రూపాయి ఉండాలి. సముద్రం మన సొత్తు కాదు, మన పిల్లలకు భద్రంగా అప్పగించాల్సిన అమానతు. దాన్ని కాపాడే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.