ఏం చేస్తున్నారని అడిగితే

"పదవీ విరమణానంతర జీవితానికి ఒక లక్ష్యం" అన్న విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. వారి అనుమతితో ఆ చివరి మాట తీసేసి మాట్లాడతాను.

1933 అక్టోబరు 7న 'జలదుర్గ' మన హార్బరులోకి వచ్చిన మొదటి ఓడ. ఆనాటినుంచీ పోర్టులో పనిచేసిన వాళ్లకి ఓడంటే లెక్క. ఎన్ని టన్నులు, ఏ బెర్తు, ఎన్ని గంటల్లో ఖాళీ చేసి పంపాలి? ట్రాఫిక్ డిపార్టుమెంటులో ముప్పైనాలుగేళ్లు నాదీ అదే లెక్క. ఓడని ఊరికే చూసే తీరిక ఎవరికి?

ఇప్పుడు సాయంత్రాలు రామకృష్ణా బీచిలో గట్టుమీద కూర్చుంటాను. బెర్తు కోసం లంగరేసుకున్న ఓడలు దూరంగా కనిపిస్తాయి. నీళ్లలోకి బాగా దిగి ఉంటే నిండు ఓడ. అడుగున ఎర్రరంగు పైకి తేలితే ఖాళీది. చీకటిపడేసరికి ఒక్కొక్కదానిమీదా దీపాలు వెలుగుతాయి, డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌసు మొదలవుతుంది. ఎవరి సరుకో, ఎన్నాళ్లు ఆగిందో నాకక్కర్లేదు. చేతిలో మురీ మిక్చరు పొట్లం ఉంటే చాలు.

"దీనివల్ల ప్రయోజనమేంటి నాన్నా?" అంటాడు మా అబ్బాయి. నడిస్తే షుగరు తగ్గుతుంది, కన్సల్టెన్సీ చేస్తే నాలుగు డబ్బులొస్తాయి. ఇందులో ఏమీ లేదురా అంటే వాడికి కంగారు.

ఉక్కునగరం నుంచి వచ్చిన మిత్రులకు ఈ కంగారు బాగా తెలుసు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముద్దుగా పిలుచుకునే ఆ ఫర్నేసులను ఒకసారి రాజేస్తే ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు మండించాలి. ఏ, బీ, సీ షిఫ్టుల్లో వాటిని కాచుకున్న మనిషిని ఒక్కరోజులో శాలువా కప్పి ఇంటికి పంపిస్తే ఏమవుతాడు?

మా స్నేహితుడొకాయన, పేరెందుకు, ఉద్యోగంలో పులి. రిటైరయ్యాక "ఏం చేస్తున్నారు?" అని అడుగుతారేమోనని పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాడు. భోజనం తగ్గిపోయింది. ఏదో ఒక వ్యాపకం పెట్టుకోమన్నారు అందరూ. ట్యూషన్లు, హోమియో మందులు, అపార్టుమెంటు సంఘం, అన్నీ పట్టాడు, అన్నీ వదిలాడు. ప్రతిదాంట్లోనూ తను పనికొస్తున్నాడా లేదా అని తూకమే! చేయి పట్టుకుని బీచికి లాక్కొచ్చాను. నెల్లాళ్లు "ఎందుకొచ్చాం?" అని విసుక్కున్నాడు. ఇప్పుడు నాకన్నా ముందొచ్చి, మిక్చరులో ఉల్లిపాయలు చాలలేదని బండివాడితో పేచీ పెడుతున్నాడు.

కాలక్షేపం అంటే మనకి చిన్నచూపు. హరికథని కూడా మన పెద్దలు కాలక్షేపమనే అన్నారు. పక్కనే విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారి (1864-1945) కథకి జనం పోగయింది పుణ్యం కోసమంటారేమో. ఆ గజ్జెల కోసమని నా అనుమానం.

అయితే ఒకటో తారీఖున పెన్షను పడేవాడికి ఇలా చెప్పడం సులువే. మనతో డాకులో చెమటోడ్చిన కాంట్రాక్టు కూలీలకు ఆ భాగ్యం లేదు. ఇంట్లో ఆడవాళ్లకైతే అసలు రిటైర్మెంటే లేదు. మా ఆవిడ ఈ మాటన్న దగ్గర్నుంచీ కూరలు తరగడం నా వంతు. సాయంత్రం వంట ముందే కానిచ్చి ఇద్దరం కలిసే వెళ్తున్నాం. ఆవిడకి ఓడలు పట్టవు. చెప్పులు నాకిచ్చి కెరటాల్లోకి దిగిపోతుంది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. సెలవు.