చెత్తబుట్టలో మొండికేసిన ఫైళ్ళు



పిల్లల చదువు కోసమని కొన్న కంప్యూటరు కాస్తా ఇప్పుడు ఇంటిల్లిపాదికీ బీరువా అయి కూర్చుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇళ్ళల్లో అయితే మరీను. అక్కడినుంచి ఎంతోమంది గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళారు కదా! వారి పాస్‌పోర్టు నకలు, వీసా కాగితం, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం అన్నీ అందులోనే. వాటి పక్కనే కొండగట్టు ఫోటోలు. అంజన్నకు చిన్న జయంతి, పెద్ద జయంతి అని ఏటా రెండు వేడుకలాయె. గుట్టకు వెళ్ళినప్పుడల్లా తీసిన ఫోటోలు, అవే మళ్ళీ బంధువులు నలుగురూ పంపితే నాలుగు నకళ్ళు. చివరకు చోటు చాలడం లేదని మెషీను మొరాయిస్తుంది. సరే, అక్కరలేనివి తీసేద్దామని కూర్చుంటాం.

తీసేసినవి ముందు చెత్తబుట్టలోకి వెడతాయి. విండోస్‌లో దాన్ని రీసైకిల్ బిన్ అంటారు, 1995లో వచ్చింది. పొరపాటున పారేసినదాన్ని మళ్ళీ ఏరుకోవడానికే ఈ ఏర్పాటు. అందుచేత బుట్టలో ఉన్నంతకాలం ఆ ఫైలు చోటు ఆక్రమిస్తూనే ఉంటుంది. బుట్ట ఖాళీ చేయబోతే ఒకటి రెండు మాత్రం కదలమని మొండికేస్తాయి.

చాప మీద పిల్లవాడు నిద్రపోతూ ఉంటే చాప చుట్టగలమా? ఇదీ అంతే. చాలాసార్లు ఆ ఫైలును ఏదో ఒక ప్రోగ్రాము పట్టుకుని ఉంటుంది. వెనక ఎక్కడో వీడియో తెరిచి ఉండవచ్చు, ఫోటోలను ఇంటర్నెట్‌కు ఎక్కించే పని నడుస్తూ ఉండవచ్చు. అన్నీ మూసేసి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు సుమా, రీస్టార్టే. ఇప్పటి విండోస్ షట్‌డౌన్ చేసినా లోపల సగం నిద్రలోనే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తేనే పూర్తిగా కొత్తగా లేస్తుంది. సగం జబ్బులు దీంతోనే కుదురుతాయి.

ఆపిల్ కంప్యూటరు వాడేవారికి ఇంకో తిరకాసు. పెన్‌డ్రైవులో పారేసినవి ఆ పెన్‌డ్రైవులోనే దాగి ఉంటాయి. దాన్ని తగిలించి ఉంచి బుట్ట ఖాళీ చేయాలి. కెమెరా కార్డుకైతే పక్కన చిన్న మీట ఉంటుంది. అది లాక్ వైపు జరిగి ఉంటే ఏదీ చెరగదు.

అనుమతి లేదని వస్తే ఆ ఫైలు వేరొకరి ఖాతాలోది కావచ్చు. వారిచేతనే తీయించండి. ఇవేవీ కాకపోతే డిస్కే చెడిందేమో! ముఖ్యమైన కాగితాలు ముందు ఇంకోచోటికి నకలు తీసుకుని, తర్వాతే మెకానిక్కును పిలవండి. ఊరికే శుభ్రం చేసిపెడతామని ఇంటర్నెట్‌లో కనబడే ముక్కూ మొహం తెలియని సాఫ్ట్‌వేరు మాత్రం వేయకండి.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి చెబుతాను. కదలని ఫైలు కంటె పోయిందనుకున్న ఫైలుతోనే మనకు ప్రమాదం. పాతరకం, లోపల తిరిగే హార్డ్‌డిస్కులో బుట్ట ఖాళీ చేసినంతమాత్రాన ఫైలు చెరగదు. పుస్తకంలో విషయసూచిక చించితే అధ్యాయం పోతుందా? ఆ చోట ఇంకొకటి రాసేదాకా పాతది ఉంటుంది, తీయగల సాఫ్ట్‌వేరూ ఉంది. కనుక పెళ్ళి ఫోటోలు పొరపాటున పోతే ఆ కంప్యూటరును వెంటనే వాడడం ఆపండి, దొరికే ఆశ ఉంటుంది. అదే ఆ కంప్యూటరును పాతసామాను కింద అమ్మితే, దేశంకాని దేశంలో ఉన్న మీ ఇంటాయన పాస్‌పోర్టు నకలు ఎవరి చేతికి పోతుందో చెప్పలేం.

ఫోన్లదీ ఇదే కథ. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటో తీసేసినా 60 రోజులు బుట్టలో ఉంటుంది, ఐఫోన్‌లో 30 రోజులు. బుట్ట కూడా తెరిచి చూసి మరీ అమ్మాలి.

కంప్యూటరు అమ్మేముందు సెట్టింగ్స్‌లో రీసెట్ నొక్కి, "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకుని, లోపల "క్లీన్ డేటా" అనే దానికి ఎస్ పెట్టండి. అప్పుడు డిస్కును తుడుస్తుంది. అంత శ్రమ ఎందుకనుకుంటే హార్డ్‌డిస్కు ఊడదీయించి ఇంట్లోనే ఉంచుకోండి, బేరంలో నాలుగు రూపాయలు తగ్గితే తగ్గనీయండి. తుడవడానికి మాత్రం కొన్ని గంటలు పడుతుంది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తగిలించి, రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మొదలుపెట్టండి.