స్విచ్ ఆపినా ఇంజిన్ ఆగదు

(ఆదివారం సమావేశంలో చెప్పిన మాటలు. డ్యూటీ వల్ల రాలేకపోయిన వాళ్ల కోసం.)

మనలో చాంగి, సెలెతార్ వైపు విమానాల దగ్గర పని చేసేవాళ్లున్నారు. విమానం కడిగేవాళ్లు, కవర్లు కట్టేవాళ్లు, స్టాండ్లు తోసేవాళ్లు. ఈ మాట ముఖ్యంగా వాళ్లకి.

స్విచ్ ఆపేస్తే ఇంజిన్ ఆగిపోయింది అనుకుంటాం. గాలి దాన్ని ఆగనివ్వదు. జాతరలో పిల్లలు కొనే కాగితం గాలిపంకా ఎట్లా తిరుగుతుందో ఇదీ అంతే. ఏ350 విమానం ఇంజిన్ ముందుండే ఫ్యాన్ అడ్డంగా 3 మీటర్లు. అంత పెద్దది కూడా గాలికి మెల్లగా తిరుగుతుంది. వెనక నుంచి గాలి కొడితే వెనక్కి తిరుగుతుంది. అప్పుడు వినిపించే టకటక శబ్దం, రెక్కల మొదళ్లు కొంచెం వదులుగా ఉండి కదలడం వల్ల వచ్చేదే.

దీంతో నష్టం రెండు రకాలు. ఒకటి ఇంజిన్‌కి. గాలి తిప్పేది ముందు ఫ్యాన్‌ని, ఆయిల్ పంపుని నడిపేది లోపలి వేరే షాఫ్టు. కాబట్టి ఆయిల్ సరిగా అందకుండానే బేరింగులు తిరిగి అరుగుతాయి. అందుకే ఎక్కువ రోజులు నిలిపే విమానానికి ఇంజిన్ ముందూ వెనకా కవర్లు కడతారు.

రెండోది మనకి. లోపల తుడుస్తున్నప్పుడు ఒక్క విసురు గాలి వస్తే రెక్కకీ గోడకీ మధ్య వేళ్లు నలుగుతాయి. ఫ్యాన్ కదలకుండా కట్టారా లేదా ఇంజినీరుని అడిగి, కళ్లతో చూసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

ఏప్రిల్ నుంచి నవంబరు దాకా సుమత్రా గాలివానలు వస్తాయి, ఎక్కువగా తెల్లవారుజామునా పొద్దునా. గాలి గంటకి 40 నుంచి 80 కిలోమీటర్లు విసురుతుంది. అప్పుడు కవరు తెరచాపలా ఉబ్బి, పట్టుకున్న మనిషిని స్టాండు మీద నుంచి లాగేస్తుంది. కవరు వదిలేసి దిగండి. కవరు పోతే ఇంకోటి వస్తుంది.

"త్వరగా కానియ్" అని సూపర్‌వైజర్ తొందరపెట్టినా, "గాలి ఎక్కువగా ఉంది సార్, సేఫ్ కాదు" అని చెప్పండి. వినకపోతే ఎంఓఎంకి చెప్పొచ్చు. పనిలో దెబ్బ తగిలితే తప్పు ఎవరిదని చూడకుండా, వికా చట్టం కింద వైద్యం ఖర్చూ పరిహారం అడిగే హక్కు మనకుంది. చిన్న దెబ్బే కదా అని దాచకండి, అదే రోజు చెప్పండి.

ఇంటి దగ్గర మనవాళ్లు ఎదురు చూసేది డబ్బు కోసమే కాదు, మన కోసం కూడా.