నిబంధన మారాలంటే అందరి చెవిన పడాలె



ఈ ఏడు మన సమాఖ్యలో అప్పుల కన్నా నిబంధనల మీదనే ఎక్కువ వాదన జరిగింది. రెండు ప్రతిపాదనలు వచ్చినయి. ఒకటి, ఎవరూ వరుసగా రెండుసార్లకు మించి పదవిలో ఉండొద్దు. రెండోది, పదో తరగతి చదివినవాళ్లకే అధ్యక్ష పదవి ఇవ్వాలె.

మొదటిదానికి పాత అక్కలు బాధపడ్డరు. "బ్యాంకోళ్లు మనల్ని గడప ఎక్కనియ్యని రోజుల్ల తిరిగింది మేము, ఇప్పుడు లేచి పొమ్మంటరా?" అన్నరు. "ఎప్పుడూ ఆ ముగ్గురే సంతకం పెడితే మేమెప్పుడు నేర్చుకుంటం?" అని చిన్నోళ్లు అడిగిన్రు. రెండు మాటల్లోనూ న్యాయం ఉన్నది.

ఈ గొడవ మాటలతోనే పోలేదు. పదవి మారితే బ్యాంకులో సంతకాలు మార్చాలె, దానికి తీర్మానం కావాలె. ఒక ఊర్లో తీర్మానం తెగక, సరిగ్గా పత్తి గింజలు కొనే జూన్‌లో ఖాతా ఆగింది. కొందరు అక్కలు బయట మిత్తికి తెచ్చుకున్నరు. కిస్తు సమయానికి కట్టకపోతే వడ్డీ రాయితీ కూడా పోతది. గొడవ పడ్డది నాయకులు, నష్టపోయింది సభ్యులు.

చదువు నిబంధన పెడితే మాలాంటి పది చదివినవాళ్లకు లాభమే. అయినా మేము ఒప్పుకోలేదు. వేలిముద్ర వేసే అక్కలు రూపాయి రూపాయి పొదుపు చేస్తేనే ఈ సంఘాలు నిలబడ్డయి. లెక్క రాయడానికి వీవోఏ ఉన్నది. లెక్క అడగడానికి ధైర్యం ఉంటే చాలు. 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టంలో కూడా పెత్తనం సభ్యులదే. ఉపనియమాలు మార్చాల్సింది మహాజన సభ, నలుగురు నాయకులు కాదు.

2016 అక్టోబర్ 11న మన మహదేవపూర్ కరీంనగర్ జిల్లా నుంచి భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. పలిమెల విడి మండలమైంది. హద్దులు మారినా మన పొదుపు, మన అప్పు మన పేరు మీదనే ఉన్నయి. నిబంధన మారినప్పుడు కూడా సభ్యురాలి హక్కు అట్లనే ఉండాలె.

అందుకని ప్రతిపాదనలను ప్రతి చిన్న గ్రూపులో చదివి వినిపించినం. నెల రోజులు గడువు ఇచ్చినం. వద్దన్నవాళ్ల మాట కూడా తీర్మానం పుస్తకంలో రాయించినం. చివరికి చదువు నిబంధనను మహాజన సభ తీసేసింది. రెండుసార్ల నిబంధన వచ్చే ఎన్నిక నుంచి అమలైతది, ఇప్పుడున్నవాళ్లను మధ్యలో దింపదు. దిగిపోయే అక్క మూడు నెలలు కొత్త అక్క పక్కన కూర్చుని పని నేర్పాలె. తీర్మానమైన వారంలోనే బ్యాంకుకు పోయి సంతకాలు మార్పించాలె.

ఇంకా ఒప్పుకోని అక్కలున్నరు. వాళ్లు మనకు పగోళ్లు కారు. వాళ్లు అడిగినందుకే "ఇప్పుడున్నవాళ్లను దింపదు" అనే మాట చేరింది.

వచ్చే నెల మీటింగులో పొదుపు డబ్బులు లెక్కబెట్టే ముందే ఈ నిబంధనలు చదివి వినిపించండి. సమజ్ కాని అక్క ఒక్కరున్నా, మళ్లీ చదవండి.