బోగీ సిద్ధమైంది, మందు ఏది?

పట్టాలు అందుకుంటున్న మిత్రులారా, బెంగాల్‌లోని ఇదే లిలువా రైల్వే వర్క్‌షాపులో 2020లో కార్మికులు ప్రయాణికుల బోగీలను కరోనా రోగుల వార్డులుగా మార్చారు. నడిమి బెర్తులు ఊడదీశారు, కిటికీలకు దోమతెరలు బిగించారు, మరుగుదొడ్డిని స్నానాల గదిగా మార్చారు, ఆక్సిజన్ సిలిండరు నిలబెట్టడానికి చోటు చేశారు. దేశమంతటా ఇలాంటి బోగీలు 5 వేలకు పైగా తయారయ్యాయి. అయితే ఆ బెర్తు మీద పడుకోబోయే మనిషికి ఏ మందు ఇవ్వాలో ఆ ఏప్రిల్‌లో ప్రపంచంలో ఏ డాక్టరుకూ తెలియదు. కరోనా వైరస్‌లు అప్పటికి కొత్తవేమీ కాదు. మనుషుల్లో వాటిని 1960లలోనే గుర్తించారు. 2002లో సార్స్ వచ్చింది, 2012లో మెర్స్ వచ్చింది. ఈ కొత్త వైరస్ జన్యుక్రమం కూడా 2020 జనవరిలోనే అందరికీ అందుబాటులోకి వచ్చింది. వైరస్‌ను ఎరగడం వేరు, రోగికి ఏది మేలు చేస్తుందో ఎరగడం వేరు. ఈ రెండోది తెలియాలంటే మందు ఇచ్చినవాళ్లనీ ఇవ్వనివాళ్లనీ పక్కపక్కన పెట్టి లెక్క చూడాల్సిందే. విపత్తు వేళ ఈ లెక్క అవసరం తగ్గదు, పెరుగుతుంది. ఇవాళ మీ ముందు నేను నిలబెట్టదలచిన మాట ఇదే.

ప్లాస్మా సంగతి చూడండి. కోలుకున్నవారి రక్తంలో వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఉంటాయి కాబట్టి ఆ ప్లాస్మాను రోగికి ఎక్కిస్తే నయమవుతుందన్న తర్కం ఎవరికైనా నచ్చుతుంది. భారత వైద్య పరిశోధన మండలి ఆ తర్కాన్ని నమ్మి ఊరుకోకుండా 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులను చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి పరీక్షించింది. జబ్బు ముదిరినవారూ చనిపోయినవారూ కలిపి ప్లాస్మా పొందిన గుంపులో 19 శాతం, పొందని గుంపులో 18 శాతం. అంటే ప్రయోజనం కనిపించలేదు. ఈ ఫలితం 2020 అక్టోబరులో అచ్చయింది. ప్లాస్మాను జాతీయ చికిత్సా మార్గదర్శకాల నుంచి తొలగించింది మాత్రం 2021 మే 17న. మధ్యలో రెండో ఉధృతి విరుచుకుపడింది. హైదరాబాద్‌లోనూ కోల్‌కతాలోనూ ఆప్తుల కోసం జనం దాతల నంబర్లు పట్టుకుని రాత్రంతా ఫోన్లు చేశారు. జవాబు అప్పటికే మన చేతిలో ఉంది. మనదేశపు డాక్టర్లు, మనదేశపు రోగులు కలిసి సంపాదించిన జవాబు అది. దాన్ని వాడుకోకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ప్రాణం పోతుంటే చీటీలు తీసి సగం మందికే మందు ఇవ్వడం అన్యాయం కాదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఏ సగానికి మేలు జరుగుతోందో ఆ క్షణాన ఎవరికీ తెలియదు. తెలిస్తే పరీక్షే అక్కర్లేదు. కాలయాపన అన్న మాటా నిలవదు. బ్రిటన్‌లో 2020 మార్చిలో మొదలైన రికవరీ ట్రయల్ జూన్ 16కల్లా డెక్సామెథాసోన్ గురించి తేల్చి చెప్పింది. వెంటిలేటర్ మీదున్నవారిలో 28 రోజుల్లోపు మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఎప్పటినుంచో వాడుకలో ఉన్న చవక స్టెరాయిడ్ మందు అది. అదే ట్రయల్, అదే నెలలో, అందరూ ఆశ పెట్టుకున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేయదనీ చెప్పింది. డెక్సామెథాసోన్ ఫలితంలో మరో వరస ఉంది, దాన్నే మనం సరిగా చదవలేదు. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు ఈ మందు వల్ల లాభం లేదు. వారిలో మందు తీసుకున్నవారి మరణాలు 17.8 శాతం, తీసుకోనివారివి 14 శాతం. ఆ తేడా యాదృచ్ఛికమే కావచ్చు, మేలు మాత్రం కనబడలేదు. అయినా 2021 వేసవిలో ఇంట్లో జ్వరంతో ఉన్న ఎందరో తొలి రోజునుంచే స్టెరాయిడ్ మింగారు. ఆ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చింది. మితిమీరిన స్టెరాయిడ్ వాడకం, అదుపు తప్పిన మధుమేహం దానికి పెద్ద కారణాలని వైద్యులు గుర్తించారు. కళ్లు పోగొట్టుకున్నవారున్నారు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఈ బెంగాల్ నేల మీదే ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగినప్పుడు బొంగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ చీటీలు తీయలేదు. సెలైన్ సీసాలు చాలక ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కొలిచి పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి అందరికీ తాగించారు. మరణాలు 30 శాతం నుంచి 3.6 శాతానికి పడిపోయాయి. మరి ఆయన ఆగలేదు కదా అంటే, ఆగి తేల్చుకోవాల్సిన పని అప్పటికే జరిగిపోయింది. గ్లూకోజుతో కలిస్తే పేగు ఉప్పునూ నీటినీ పీల్చుకుంటుందని ప్రయోగశాలల్లో తేలింది. ఢాకాలో 1968లో రోగుల మీద పోల్చి చూశారు కూడా. పైగా ఆయన ఆ గందరగోళంలోనూ ఎందరు వచ్చారో, ఎందరు పోయారో రాసిపెట్టి 1973లో అచ్చువేశారు. అలాంటి లెక్క అవసరం ఇవాళ్టికీ తీరలేదు. కోవిడ్ తగ్గినా నెలల తరబడి వదలని నీరసానికి, ఆయాసానికి ఇవాళ బజారులో రకరకాల మందులు అమ్ముతున్నారు. వాటిలో దేన్ని ఎవరితో పోల్చి చూశారని అడిగే ఉద్యోగం మీలో కొందరికైనా దక్కాలని కోరుకుంటున్నాను.