సిద్ధాంత వ్యాసమును సంసారమును



విద్యకు తుది మెట్టుగా ఎంచబడు డాక్టరేటును గూర్చి సభలలో ప్రసంగించునపుడు సామాన్యముగా దాని గౌరవమే వర్ణింపబడును. పట్టము పుచ్చుకొన్న దినమున పూలదండలు, ఛాయాచిత్రము, బంధుమిత్రుల అభినందనములు అందరును ఎరిగినవే. దానికి ముందు గడచు రెండేండ్ల కాలమును గూర్చి పలుకువారు మాత్రము అరుదు. ఆ కాలమున వ్యాసము ముగియదు, ఫెలోషిప్పు ముగియవచ్చును. ఉద్యోగమునకు దరఖాస్తు పంపినచో పట్టము ఏదియని యడుగుదురు. పట్టమునకై కూర్చుండినచో ఉద్యోగములకు వయోపరిమితి దాటిపోవును. ఈ రెండింటి నడుమ నలిగెడి విద్యార్థికి లోకము ఎట్లు తోడ్పడవలెను, అతడు తన్ను తాను ఎట్లు నిలుపుకొనవలెను అనునదియే నేటి ప్రసంగ విషయము.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబములలో ఈ కష్టము మరియొక కష్టముతో వచ్చి కలియుట కలదు. తండ్రి 60 ఏండ్లు నిండి పదవీ విరమణ చేయు సమయమును, కుమార్తెయో కుమారుడో వ్యాసపు తుది అధ్యాయములు వ్రాయు సమయమును తరచుగా ఒక్కటే అగును. క్వార్టరు ఖాళీ చేయవలెను. స్వస్థలమునకు మరలుటయా, ఉన్న నగరముననే అద్దె యిల్లు చూచుకొనుటయా అని నిశ్చయింపవలెను. ఇంటిలో మరియొక బిడ్డ పెండ్లి తలపెట్టియుండవచ్చును. అట్టి యింటికి వచ్చిన చుట్టము కాఫీ త్రాగుచు, "అబ్బాయి ఇంకను చదువుచునే యున్నాడా, బావగారూ?" అని యడుగును. అడిగినవారికి అది కుశల ప్రశ్న. లోపలి గదిలో కూర్చుండి విన్నవానికి అది అభియోగము.

ఈ స్థితి నేడు క్రొత్తగా పుట్టినది కాదు. తెలుగువారిలో అగ్రగణ్యుడైన ఒక శాస్త్రజ్ఞుని జీవితమే దీనికి నిదర్శనము. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన తొలుత తప్పెను. పిదప ఉత్తీర్ణుడై మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. స్వదేశీ దీక్షతో ఖద్దరు ధరించిన కారణమున ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై, పూర్తి వైద్య పట్టమునకు మారుగా ఎల్.ఎమ్.ఎస్. యోగ్యతా పత్రముతోనే బయటపడవలసి వచ్చెను. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాహాయ్యముతోను, కాకినాడలోని సత్యలింగ నాయకరు ధర్మనిధి తోడ్పాటుతోను 1920ల తొలినాళ్లలో బోస్టన్ నగరము చేరెను. కొనిపోయిన ధనము చాలదయ్యెను. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల శాస్త్రమును చదువుచు, రాత్రులందు ఒక ఆసుపత్రిలో సేవకుడుగా పనిచేసెను. రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచుటయు ఆ పనిలో ఒక భాగమే. స్వదేశమున వైద్యము చదివి వచ్చినవానికి ఆ పని ఎట్లుండునో ఊహింపదగినదే. అయినను ఆయన దానిని విడువలేదు, చదువునూ విడువలేదు.

తరువాత సైరస్ ఫిస్క్ అను ఆచార్యుని ప్రయోగశాలలో చేరి, రక్తమందును మూత్రమందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఆయనతో కలిసి ప్రకటించెను. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి యని జీవరసాయన విద్యార్థులు నేటికిని చదువునది ఇదియే. 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గూర్చిన పరిశోధనలు వెలువడినవి. డాక్టరేటు మాత్రము 1930లో లభించెను. అనగా పాఠ్య గ్రంథములకు ఎక్కదగిన పనులు ముందు జరిగినవి; పట్టము వెనుక వచ్చినది. పట్టము వచ్చిన పిదపనైనను కష్టము తీరెనా? తీరలేదు. హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి చేకూరలేదు. పదేండ్లు చిన్న పదవులలోనే గడపి, 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊర నున్న లెడర్లీ ప్రయోగశాలలకు వెడలెను. ఫోలిక్ ఆమ్లపు నిర్మాణము, బోదకాలు వ్యాధికి వాడెడి డైఇథైల్ కార్బమజీన్, రక్తపు క్యాన్సరుపై తొలిసారిగా పనిచేసిన అమినోప్టెరిన్ మొదలగునవి అచట ఆయన నాయకత్వమున వెలసినవే. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున ఆయన మరణించెను.

ఈ చరిత్రను చెప్పునపుడు ఒక మాట మరుగుపరుపరాదు. సుబ్బారావు మరల స్వదేశమునకు రాలేదు. భార్య శేషగిరి ఇచటనే యుండిపోయెను. వారికి కలిగిన కుమారుడు శైశవముననే గతించెను. ఆయన విజయమునకు వెల చెల్లించినది ఆయన యొక్కడే కాదు, ఇంటివారును చెల్లించిరి. కావున సుబ్బారావు సహనము శ్లాఘ్యమే యైనను, అట్టి త్యాగమే పరిశోధనకు ధర్మమని యువతకు బోధించుట న్యాయము కాదు. కష్టమును భరించినవానిని కొనియాడుట వేరు, ఆ కష్టమును రానున్నవారికి నియమముగా విధించుట వేరు.

దీనికి ప్రక్కన మరియొక తెలుగువాని చరిత్రను ఉంచి చూడవలెను. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమున ఎం.ఏ. పట్టమందెను. యుద్ధకాలమున సైన్యపు సర్వే విభాగమున ఉద్యోగమునకై కలకత్తా వెళ్లగా అది లభింపలేదు. అచటనే భారతీయ సాంఖ్యక సంస్థను గూర్చి తెలిసికొని, 1941 జనవరిలో అందు శిక్షణకై చేరెను. నిరాశతో మరలి రావలసిన ప్రయాణము ఆ విధముగా జీవిత మార్గమయ్యెను. 1945లో, డాక్టరేటు పొందుటకు మూడేండ్లు ముందే, క్రామర్-రావు అవధి యని ప్రసిద్ధి గాంచిన ఫలితమును ఆయన ప్రకటించెను.

1946లో ఆ సంస్థ ఆయనను కేంబ్రిడ్జికి పంపెను. సూడాను దేశమున జెబెల్ మోయా యను చోట త్రవ్వకములలో దొరకిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలను పరిశీలించుట అచటి మ్యూజియమున ఆయన ఉద్యోగము. ఆ ఉద్యోగము చేయుచునే ఆర్. ఏ. ఫిషర్ పర్యవేక్షణమున డాక్టరేటుకు నమోదై 1948లో పట్టమందెను. ఒక కపాలము ఏ జనసమూహమునకు చెందినదో కొలతలనుబట్టి నిర్ణయించుట మ్యూజియము పని. జీవవర్గీకరణమందలి సాంఖ్యక సమస్యలు ఆయన సిద్ధాంత వ్యాసపు విషయము. ఉద్యోగమందలి ప్రశ్నయే వ్యాసమందలి ప్రశ్న యయ్యెను. పగటి పని రాత్రి పనిని తినివేయలేదు, దానిని పోషించెను. రావుగారు 2023లో, నూటరెండేండ్లు దాటిన వయస్సున, మరణించిరి.

సుబ్బారావు ఉద్యోగము ఆయనకు అన్నము మాత్రమే పెట్టినది. రావు ఉద్యోగము అన్నముతోపాటు విషయమును కూడ ఇచ్చినది. అందరికిని రెండవ అదృష్టము పట్టదు. అయినను ఉద్యోగము చేయుచు పరిశోధన తలపెట్టువారు విషయమును ఎన్నుకొనునపుడే ఈ భేదమును గమనించినచో సగము భారము తగ్గును.

ఇక నేటి నియమములను విచారింపవలెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో ప్రకటించిన నిబంధనల ప్రకారము డాక్టరేటుకు కనీస కాలము 3 ఏండ్లు, గరిష్ఠ కాలము 6 ఏండ్లు. పునర్నమోదు ద్వారా మరి 2 ఏండ్లు పొందవచ్చును. జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు 2023 జనవరి 1 నుండి నెలకు 37,000 రూపాయలకును, సీనియర్ ఫెలోషిప్పు 42,000 రూపాయలకును పెంచబడినవి. కాని ఈ రెండును కలిసి మొత్తము 5 ఏండ్లే. వ్యాసమునకు 6 ఏండ్లు, ధనమునకు 5 ఏండ్లు! ఈ ఒక్క యేడే అనేకుల పాలిట అగ్నిపరీక్ష. వ్యాసము సమర్పించిన పిదప పరీక్షకుల అభిప్రాయములు రావలెను. మౌఖిక పరీక్ష జరుగవలెను. ఇదంతయు 6 నెలలలో ముగియవలెనని ఆ నిబంధనలే చెప్పుచున్నవి. ఆ నెలలును గడుపవలసినవే గదా!

కావున వివేకవంతుడైన విద్యార్థి మూడవ యేటినుండియే కొంత ధనము వేరుగా దాచుకొనవలెను. ఉద్యోగ ప్రయత్నమును వ్యాసము ముగిసిన పిదప మొదలిడుదునని వాయిదా వేయరాదు. కడపటి యేటికి ముందే తన పనిని ఒక పుటలో, సామాన్యునికి తెలియునట్లు, వ్రాసి సిద్ధపరచుకొనవలెను. సిఫారసు లేఖలు వ్రాయగల ముగ్గురు పెద్దలను ముందుగనే కలిసికొనవలెను. వారమున ఒక దినము దరఖాస్తులకు, తక్కిన దినములు వ్యాసమునకు అని విభజించుకొనినచో ఒకటి మరియొకదానిని మ్రింగివేయదు.

కళాశాల ఉద్యోగమొక్కటే మార్గమను భ్రమయు వీడదగినది. 2023లో జరిగిన సవరణ ననుసరించి అసిస్టెంటు ప్రొఫెసరు నియామకమునకు నెట్, సెట్ లేక స్లెట్ పరీక్ష కనీస యోగ్యత, డాక్టరేటు ఐచ్ఛికము. అనగా వ్యాసము ముగియకున్నను నెట్ ఉత్తీర్ణులు ఆ ద్వారము తట్టవచ్చును. సివిల్ సర్వీసు పరీక్షలవంటి వానికి సాధారణ వర్గమున గరిష్ఠ వయస్సు 32 ఏండ్లు గావున, అటు పోదలచినవారు ఆ లెక్కను పరిశోధనలో చేరునాడే వేసికొనవలెను.

ఉద్యోగములో నుండి డాక్టరేటు చేయదలచిన సభ్యులకు రెండు మార్గములు కలవు. కార్యాలయపు నిరభ్యంతర పత్రముతో పాక్షిక కాలపు అభ్యర్థిగా చేరుట ఒకటి. 1972 నాటి సెలవు నియమముల క్రింద విద్యా సెలవు పొందుట రెండవది. దానికి 5 ఏండ్ల సేవ నిండియుండవలెను. చదువు ఉద్యోగ విధులకు సంబంధించి యుండవలెను. సాధారణముగా ఒకసారికి 12 నెలలు, మొత్తము సేవలో 24 నెలలు మించదు. తిరిగి వచ్చి సేవ చేయుదునని బాండు వ్రాసి యీయవలెను. ఆ 24 నెలలను చదువు మొదటనే వ్యయపరచుటకంటె, సమాచారమంతయు చేకూరి, వ్రాత మిగిలిన దశకు కొంత దాచుకొనుట మేలు.

కడపటి మాట ఇంటివారికి. వ్యాసము వ్రాయు బిడ్డను "ఎప్పుడు ముగియును?" అని అడుగుటకంటె "ఈ వారము ఏమి వ్రాసితివి?" అని అడుగుట మంచిది. మొదటిదానికి వానియొద్ద ఉత్తరము లేదు, రెండవదానికి కలదు. కుమార్తె విషయమున ఈ జాగ్రత్త ఇంకను అవసరము. పెండ్లి మాట వచ్చినంతనే చదువు అర్ధాంతరముగా విడువ నక్కరలేదు. స్త్రీలకు గరిష్ఠ కాలమున 2 ఏండ్ల సడలింపును, ప్రసూతి మరియు శిశుపోషణ సెలవు 240 దినముల వరకును ఆ 2022 నిబంధనలలోనే కలవు. వియ్యమందువారితో ఈ సంగతి ముందుగా మాటాడుట తల్లిదండ్రుల బాధ్యత.

సంఘము చేయదగిన పనియు కలదు. ఇంటర్వ్యూ మండలులలో కూర్చుండిన అనుభవముగల పెద్దలు సభ్యులలో ఉందురు. వారు నెలకొక సాయంకాలము ఈ యువతను కూర్చుండబెట్టి ప్రశ్నించి సరిదిద్దవచ్చును. ఉగాది సంబరమునకు తెరచెడి హాలును, ఇరుకు క్వార్టరులో చోటు లేని విద్యార్థికి రాత్రి రెండు గంటలసేపు తెరచి యుంచవచ్చును. ఒక బల్ల, ఒక దీపము, ప్రశ్నింపని నిశ్శబ్దము లభించినచో నిలిచిపోయిన అధ్యాయములు కొన్నియైనను కదలును. సుబ్బారావునకు ఆనాడు పరదేశమున లభింపని తోడు, ఈనాడు పరరాష్ట్రమున నున్న తెలుగు బిడ్డకు ఈ సంఘమునుండి లభించుగాక!

స్వస్తి.