తమ్ముడు ఎంత ఆడుతున్నాడు? చెల్లె ఎంత ఆడుతోంది? లెక్క తీద్దాం

గోదావరిఖని నుంచి మాట్లాడుతున్నా. మీ ఇంట్లో పదేళ్లు దాటిన తమ్ముడో చెల్లెనో ఉంటే, "రోజూ ఆడుతున్నవా?" అని ఒకసారి అడగండి. "ఆ, ఆడుతున్న" అంటారు. అదే అమ్మనడిగితే "ఏం ఆటరా, పొద్దంతా ఫోనే" అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. మనం అడిగిన ప్రశ్నే సరిగ్గా లేదు.

ముందు కొలత ఏంటో చూద్దాం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఎంత ఆయాసం? మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంతే. ఆ సంస్థ పరిశోధకులే 146 దేశాల బడిపిల్లల లెక్కలు చూసి 2019లో ఒక అధ్యయనం వేశారు. 2016 నాటికి 11-17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి ఆ గంట లేదు. అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85.

ఇప్పుడు అడిగే పద్ధతి. కెనడాలో తయారైన ఒక ప్రశ్నాపత్రం ఉంది, పేరు పీఏక్యూ-సీ. అది "ఆడుతున్నవా" అని అడగదు. గత ఏడు రోజుల్ని ముక్కలు చేసి అడుగుతుంది: పీఈటీ పీరియడ్‌లో ఏం చేశావ్? ఇంటర్వెల్‌లో? లంచ్‌లో? బడి వదలగానే? సాయంత్రం? వీకెండ్‌లో? ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, చివరికి సగటు. అట్లా అడిగితే పిల్లలకు నిజంగా గుర్తొస్తుంది.

కానీ దాన్ని ఉన్నదున్నట్టు మన దగ్గర వాడలేం. అందులో ఆటల లిస్ట్ చూస్తే ఐస్ హాకీ, ఐస్ స్కేటింగ్ ఉంటాయి! మేలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో ఐసు గోలెంలో కూడా నిలవదు. అవి కొట్టేసి కబడ్డీ, ఖోఖో, తొక్కుడుబిళ్ల, సైకిల్ రాసుకోండి. నీళ్ల బిందెలు మోయడం, బడికి నడక కూడా రాయండి. ఇంటిపని ఎక్కువ ఆడపిల్లలదే కదా, అది రాయకపోతే వాళ్ల కష్టం లెక్కలోకే రాదు.

ఏ వారం అడిగారన్నది ఇంకా ముఖ్యం. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో అడిగితే చెల్లె మార్కులు ఎక్కడికో పోతాయి. పరీక్షలప్పుడు అడిగితే పడిపోతాయి. సింగరేణి క్వార్టర్లలో ఇంకోటుంది: బాపు నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకుంటే, "సప్పుడు చెయ్యకుండ్రి" అని పిల్లల్ని ఫోన్ ఇచ్చి కూర్చోబెడతారు. షిఫ్ట్ మారితే ఆట మారుతుంది. అందుకే కనీసం రెండు వేర్వేరు వారాలు అడగండి.

ఫోన్‌లో స్టెప్స్ ఉన్నాయిగా అంటారా? కబడ్డీ ఆడేవాడు ఫోన్ జేబులో పెట్టుకుని ఆడతాడా? గట్టు మీద పెడతాడు. అసలైన ఆట మొత్తం ఆ లెక్కలో పడదు. స్టెప్స్ నడకకు పనికొస్తాయి, అంతవరకే.

ఇక నాకు బాగా గుచ్చుకునే విషయం. చాలా ఇళ్లల్లో అమ్మాయికి పన్నెండు, పదమూడు వచ్చేసరికి సాయంత్రం గడి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. "పెద్దగైంది, గ్రౌండ్‌కెందుకు" అంటారు. గ్రౌండ్‌కి పోయినా మొత్తం మగపిల్లల క్రికెట్టే, నిలబడే జాగ ఉండదు. ఆ ఖాళీని చూసి పిల్లకు బద్ధకం అనడం అన్యాయం. అందుకే నేను ప్రశ్న ఒకటి కలుపుతా: "ఆడాలనిపించీ ఆడలేని రోజు ఏది, ఎందుకు?" మార్కుల కన్నా ఈ జవాబే నాకు ఎక్కువ చెప్తుంది. ఎండ అంటే టైం మార్చొచ్చు. ట్యూషన్ అంటే అమ్మతో మాట్లాడొచ్చు. జాగ లేదంటే, ఆ క్రికెట్ ఆడేది మీరే కదా తమ్మీ, వారంలో రెండు సాయంత్రాలు సగం గ్రౌండ్ వదలండి.

ఈ ఆదివారం కూర్చుని అడగండి. మార్కులు చూసి తిట్టొద్దు, పక్కింటి పిల్లతో పోల్చొద్దు. తిడితే వచ్చేవారం అన్నింటికీ ఐదే చెప్తారు.